ఓర్చినమ్మకు తేటనీరు

ఇంటిపనులు చక్కబెట్టుకొని, మిగిలిన గడియలలో నాలుగు రూపాయలు స్వయముగా నార్జింపవలయునను కోరికతో నేడు పెక్కండ్రు స్త్రీలు చేతిలోని ఫోనునే యంగడిగా మార్చుకొనుచున్నారు. ఒకామె తాను పట్టిన ఆవకాయను ఇన్‌స్టాగ్రామునందు చూపి యమ్ముచున్నది. ఒకామె మంగళగిరి చీరలను, కలంకారీ రవికగుడ్డలను వాట్సాపు ద్వారా పంపుచున్నది. మఱియొకతె తన వంటలను యూట్యూబునందు చూపుచున్నది. ఇంకొకతె తాను చదివిన పుస్తకములను గుఱించి, తన యూరి ముచ్చటలను గుఱించి బ్లాగు వ్రాయుచున్నది. ఇది మిక్కిలి సంతోషింపదగిన విషయము. గడప దాటుటకు వీలుచిక్కని యిల్లాలికి గూడ దూరపు టూళ్లలో కొనువారు దొరకుట మన యమ్మమ్మల కాలమున నూహకైన నందని సంగతి.

అయినను ఈ సంతోషము వెనుక నొక విచారము కలదు. మొదలుపెట్టినవారిలో నెందఱు రెండవ యేటివఱకు నిలుచుచున్నారు? మొదటి మాసమున నుత్సాహము. రెండవ మాసమున బంధువుల మెప్పు. మూడవ మాసమున నిశ్శబ్దము. నాల్గవ మాసమున "ఇది మనవల్ల నగునది కాదు" అను నిట్టూర్పు. ఆరంభశూరులని మనవారిని మనవారే యాక్షేపించుకొనుట పరిపాటి. కాని యీ విరమణకు బద్ధకమే కారణమని మేము తలంపము. తగిలిన దెబ్బ యెట్టిదో, ఎందువలన తగిలినదో తెలియకపోవుటయే ముఖ్యకారణము. కారణము తెలిసిన దెబ్బకు మందు కలదు. కావున ఈ మాసమున నా విషయమునే విచారింతము.

మొదటి దెబ్బ, ఎవరును చూడకపోవుట. మంచి వెలుతురున చీర పఱచి, ఓపికతో చిత్రము తీసి పెట్టిన దినమున ముప్పది మందియైనను చూడరు. ఆ ముప్పది మందిలో నిరువదిమంది మేనత్తలు, పినతల్లులు, వదినెలే యగుదురు. అప్పు డా యిల్లాలు "నా చీరయే బాగుండలేదేమో, నా మాటయే బాగుండలేదేమో" యని చిన్నబుచ్చుకొనును. ఇచ్చట తెలిసికొనవలసిన విషయ మొకటి కలదు. మనము పెట్టిన వీడియోను ఇన్‌స్టాగ్రాముగాని యూట్యూబుగాని యందఱికిని చూపదు. మొదట కొలదిమందికి చూపును. వారు చివరివఱకు చూచిరా, దాచుకొనిరా, ఇతరులకు పంపిరా యని యంత్రమే గమనించును. వారు నిలిచి చూచినచో మఱికొందఱికి చూపును. నడుమనే వేలితో త్రోసివేసినచో చాలవఱకు నంతటితో నాపును. కావున చూపులు తక్కువయగుట సరకునకు పడిన తీర్పు గాదు. అనేక పర్యాయములు, ఆ మొదటి నాలుగు క్షణములు చూచువారిని నిలుపలేకపోయినవని మాత్రమే దానియర్థము.

దీనికి చేయవలసిన దేమనగా, నమస్కారములతోను కుశలప్రశ్నలతోను అరనిమిషము గడపక, చూపదలచిన వస్తువును ముందే చూపుట. ఆవకాయ యమ్ముదురేని కాయ నఱకుటతో నారంభింపుడు. చీర యమ్ముదురేని కొంగు విప్పుటతో నారంభింపుడు. ధర దాచి, "సందేశము పంపినచో చెప్పుదుము" అనకుడు. ధర, కొలత, నూలో పట్టో, ఉతుకు విధమెట్లో స్పష్టముగా చెప్పుడు. వారమున కింతయని నియమము పెట్టుకొని, ఆ దినము తప్పక నిలువుడు. ఒక వారమున ఏడు పెట్టి, మఱు మూడు వారములు మానుటకంటె, వారమునకు రెండేసి చొప్పున నేడాది నడపుట మేలు.

కాల మెంత పట్టునో తెలియుటకు రెండు నిదర్శనములు చూపెదము. హిందీవారి వంటయిండ్లలో సుపరిచితురాలైన నిశా మధులిక 2007వ సంవత్సరమున వంటల బ్లాగు వ్రాయ నారంభించి, 2011లో యూట్యూబునకు వచ్చెను. అనగా కెమెరా యెదుటికి వచ్చుటకు ముందే నాలుగేండ్లు వ్రాతలో గడచినవి. మన తెలంగాణమున జగిత్యాల జిల్లా లంబాడిపల్లెనుండి వెలువడు "మై విలేజ్ షో" 2012లో నారంభమయ్యెను. కాయకష్టము చేసికొని బ్రదికిన గంగవ్వ అందు కనబడి, తెలుగువారికి ఇంటి మనిషివలె పరిచితురాలగుట కొన్నేండ్ల తరువాతి మాట. వీరి కీర్తిని చూచి తొందరపడువారు వీరి యేండ్లను గూడ లెక్కింపవలయును.

ఎఱుకపఱచుకొనుటయందు ఓపిక కావలయుననుటకు ఫోనులు పుట్టకముందటి తెలుగువారి కథయే యొకటి కలదు. కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారు 1893లో బొంబాయియందు అమృతాంజనము నెలకొల్పిరి. కొత్త మందును కొని చూడుడని యడిగిన నెవరు కొందురు? వారు సంగీత సభలకు వచ్చినవారికి దానిని ఉచితముగా పంచిపెట్టిరి. నొసటికి రాచుకొని చూచినవారే పిదప కొనువారైరి. 1908లో ఆంధ్రపత్రికను స్థాపించినదియు నీ పంతులుగారే. మనము గూడ క్రొత్త పచ్చడి పట్టినప్పుడు, పాత కొనుగోలుదారుల కట్టతో చిన్న పొట్లము నొకదానిని ఉచితముగా చేర్చి పంపవచ్చును. నూఱు వీడియోలు చెప్పలేని మాటను నాలుకమీది రుచి చెప్పును.

రెండవ దెబ్బ మొదటిదానికంటె పెద్దది. ఇది మన పొరపాటు లేకుండగనే తగులును. మనము కష్టపడి కూర్చుకొన్న జనము, పేరు, వీడియోలు అన్నియు పరుల యింటిలో నున్నవి. ఆ యింటి యజమాని నియమములు మార్చినను, తలుపు మూసినను, అద్దెకున్నవారికి చెప్పుకొన దిక్కుండదు.

ఇది యూహించి చెప్పుమాట కాదు. ఒకప్పుడు మన దేశమున నెందఱో యువతీయువకులు ముచ్చటలాడుకొన్న ఆర్కుటు 2014 సెప్టెంబరు 30న మూతపడెను. 2018 జనవరిలో ఫేసుబుక్కువారు ఇకమీదట మిత్రుల, బంధువుల మాటలకే పెద్దపీట వేయుదుమని ప్రకటించిరి. దానితో వర్తకుల పుటలు జనులకు కనబడుట తగ్గెను. ఆ మాసముననే యూట్యూబువారు గూడ నొక కట్టుబాటు తెలిపిరి. అంతకుముందు ఛానెలునకు మొత్తము 10,000 వీక్షణములున్న చాలు, ప్రకటనల రాబడిలో పాలు కోరవచ్చును. క్రొత్త నియమమునుబట్టి 1,000 మంది సబ్‌స్క్రైబర్లును, కడచిన 12 మాసములలో 4,000 గంటల వీక్షణమును ఉండవలసివచ్చెను. చిన్న ఛానెళ్లవారికి వచ్చుచున్న కొద్దిపాటి రాబడియు ఫిబ్రవరితో నిలిచిపోయెను.

అన్నిటికంటె కఠినమైనది టిక్‌టాకు సంగతి. 2019 ఏప్రిలులో మద్రాసు హైకోర్టు ఉత్తరువువలన నది కొన్నాళ్లు ఫోను అంగళ్లనుండి తొలగింపబడి, మరల వచ్చెను. అది యొక హెచ్చరిక. 2020 జూన్ 29న భారత ప్రభుత్వము దేశరక్షణ దృష్ట్యా 59 యాపులను నిషేధించినప్పుడు అందు టిక్‌టాకును చేరెను. ఊరక యిండ్లలో వంటచేయుచు, పొలములలో పాటలు పాడుచు లక్షలమందికి తెలిసిన పల్లెటూరి స్త్రీలు గూడ నొక్క రాత్రిలో తమ జనము నంతయు కోల్పోయిరి. వారిలో కొందఱు మఱునాటినుండి యూట్యూబునందును, ఇన్‌స్టాగ్రామునందును మొదటి మెట్టునుండి యెక్కిరి. కొందఱు విసిగి విరమించిరి. ఎక్కినవారికి చేతిలో మిగిలినదేమి? తాము నేర్చిన విద్య యొకటి, దాచుకొన్న వీడియోలు రెండు. ఈ రెండును లేనివారికి మరల నారంభించుట మిక్కిలి కష్టమయ్యెను.

మఱియొక ముచ్చట. 2021 అక్టోబరు 4వ తేదీ రాత్రి ఫేసుబుక్కు, ఇన్‌స్టాగ్రాము, వాట్సాపు మూడును ఒక్కసారిగా మూగవోయి, సుమారు ఆఱు గంటలవఱకు పలుకలేదు. మూడును ఒకే యజమానివి. వారి కార్యాలయమున యంత్రములను సవరించుటలో జరిగిన పొరపాటున మూడును కూలినవి. రెండుచోట్ల అంగడి పెట్టితిమి, మాకు భయములేదని ధైర్యముగా నున్నవారికి, ఆ రెండును ఒకే కప్పు క్రిందివని ఆ రాత్రి తెలిసెను.

ఇట్టి దెబ్బలను మనము ఆపజాలము. కాని వానివలన సర్వము పోకుండ కాపాడుకొనవచ్చును. మొదటిది, ఒక నోటు పుస్తకము. కొన్న ప్రతివారి పేరు, ఫోను నంబరు, ఊరు, కొన్న వస్తువు, తేదీ అందు వ్రాసికొనవలయును. పదివేలమంది అనుచరులకంటె, ఆ పుస్తకములోని రెండువందల పేర్లు విలువైనవి. ఏలయనగా ఏ యంత్రము నిలిచినను వారిని మీరు పిలువగలరు. ఆ పేర్లను మఱియొకరికి అమ్ముటగాని యిచ్చుటగాని కూడదు; అది వారు మనయందుంచిన నమ్మకము. రెండవది, తీసిన వీడియోలను, ఫొటోలను, వ్రాసిన వ్రాతలను ఫోనునందే వదలక, వేఱొకచోట గూడ భద్రపఱచుట. మూడవది, కొనువారిని మన నంబరును వారి ఫోనునందు పేరుతో వ్రాసికొనుడని కోరుట; వాట్సాపునందు ఒకేసారి పెక్కండ్రకు పంపు ప్రసార సందేశము మన నంబరు దాచుకొన్నవారికే చేరును. నాల్గవది, వీలైనంతలో వేర్వేఱు యజమానుల క్రింద రెండు చోట్ల నుండుట. బ్లాగు వ్రాయువారు ఏటేటా కొంత రుసుము చెల్లించి సొంత చిరునామా నొకదానిని పేర పెట్టుకొన్నచో, రేపు బ్లాగు నింకొకచోటికి మార్చినను పాఠకులు దారితప్పరు.

మూడవ దెబ్బ మనుష్యులవలన తగులునది. స్త్రీ ముఖము కనబడిన చాలు, నోటికి వచ్చినట్లు వ్రాయువారు కొందఱు కలరు. వారితో వాదింపకుడు. వాదించినకొలదియు యంత్రము ఆ మాటలనే పదిమందికి చూపును. అట్టివారిని అడ్డగించు సదుపాయము, చెడుమాటలున్న వ్యాఖ్యలను దాచు సదుపాయము ఈ యాపులన్నిటిలోను కలవు, సంకోచింపక వాడుకొనుడు. బెదిరింపులు వచ్చినచో వాని చిత్రములు తీసి దాచి, ఇంటివారికి తెలిపి, పోలీసువారికి ఫిర్యాదు చేయుడు. భయముతో నొంటరిగా కుములవలదు. వ్యాపారమునకు వేఱు నంబరు పెట్టుకొనుట, ఇంటి గుర్తులను, పిల్లల బడి పేరును వీడియోలలో కనబడనీయకుండుట ముందుజాగ్రత్తలు.

మోసగాండ్ర సంగతి గూడ చెప్పవలయును. డబ్బు పంపితిమని నకిలీ చిత్రము చూపి సరకు తీసికొనిపోవువారు కలరు. బ్యాంకు ఖాతాలో డబ్బు పడినదని మీరు స్వయముగా చూచుకొనినగాని కట్ట పంపకుడు. "ఈ క్యూఆర్ గుర్తును చూపి పిన్ నొక్కినచో మీకు డబ్బు వచ్చును" అనువాడు దొంగయే. యూపీఐయందు డబ్బు పుచ్చుకొనుటకు పిన్ నొక్కవలసిన పనిలేదు. పిన్ నొక్కితిమా, డబ్బు పోవుచున్నదన్నమాటయే. "మీ ఖాతా మూసివేయుచున్నాము, ఈ లంకెను నొక్కుడు" అని కంపెనీవారి పేర వచ్చు సందేశములను నమ్మకుడు. రెండంచెల భద్రతను పెట్టుకొనుడు. ఓటీపీని ఎవరికిని చెప్పకుడు. డబ్బు పోయినచో ఆలసింపక 1930 నంబరునకు ఫోను చేయవలయును. తొలి గడియలలో తెలిపినచో ఆ డబ్బును నడుమనే నిలిపివేయుట కవకాశ మెక్కువ.

ఇక యింటిలోని మాటలు. "ఎప్పుడును ఫోనేనా?" యని అత్తగారును, "ఎంత వచ్చినదేమి?" యని భర్తగారును అడుగుట సహజము. కోపగించుకొని ప్రయోజనములేదు. నోటి మాటకంటె లెక్క పుస్తకము చక్కగా మాటలాడును. అందుచేత లెక్కనుగూర్చి కొంచెము వివరింతము.

ఒక సోదరి కిలో ఆవకాయను 600 రూపాయల కమ్ముచున్న దనుకొందము. కాయ, నూనె, కారము, ఆవపిండి, ఉప్పు కలసి 340. సీసా, పెట్టె, అంటుకాగితములకు 60. కొరియరునకు 90. మొత్తము వ్యయము 490, మిగులు 110. ఆమె 2,000 రూపాయలు పెట్టి ప్రకటన వేయగా 12 మంది తలకొక కిలో కొనిరి. మిగులు 1,320, ప్రకటన 2,000. అనగా 680 రూపాయల నష్టము. ఇచ్చటనే పలువురు "మోసపోతిమి" అని విరమింతురు. కాని ఆ 12 మందియు ఉగాది పిదప మరల నొక్కొక్క కిలో కొన్నచో, ప్రకటన లేకయే మఱి 1,320 మిగులును. రెండు పర్యాయములకు కలిపి 640 లాభము. వారు తిరిగి రాకపోయినచో నష్టము నష్టముగనే నిలుచును. కావున మన వ్యాపారము నిలుచునా నిలువదా యని తేల్చునది వీక్షణముల సంఖ్య కాదు, రెండవమారు కొనువారి సంఖ్య. పైలెక్కలో ఆమె చేతికష్టమునకు వెల కట్టలేదని గూడ గమనింపుడు. అదియు కట్టి చూచినప్పుడే నిజమైన లాభము తెలియును. అట్లు కట్టిన 600 చాలదని తేలినచో, ధర పెంచుటకు సిగ్గుపడవలదు.

ఈ లెక్క వేయక, బంగారము కుదువబెట్టి ప్రకటనలకు పోయుట, డబ్బిచ్చి దొంగ అనుచరులను కొనుట ముమ్మాటికిని తగదు. కొన్న అనుచరులు పచ్చడి కొనరు. పైగా వారు వీడియో చూడరు గనుక, చూచువారు లేరని యంత్రము తలచి, నిజమైనవారికి చూపుటయు తగ్గించును.

పట్టుదల యనగా తప్పిన పద్ధతినే మరల మరల చేయుట కాదు. దీనికి లిజ్జత్ అప్పడముల కథ చక్కని నిదర్శనము. 1959 మార్చి 15న బొంబాయి గిర్గాములో ఏడుగురు గుజరాతీ గృహిణులు 80 రూపాయలు అప్పు తెచ్చి, మేడపై అప్పడములు చేయ నారంభించిరి. ఆ మొదటి యేడే వానలు వచ్చి, అప్పడములు ఎండక, నాలుగు మాసములు పని నిలిపివేయవలసివచ్చెను. వానలను తిట్టుకొనుచు కూర్చుండినచో మఱుసటి యేడును అంతియే. వారొక మంచమును, ఒక పొయ్యిని కొనిరి. మంచముపై అప్పడములు పఱచి, క్రింద పొయ్యి వెలిగించి, వానలలో గూడ నెండబెట్టిరి. ఆ 80 రూపాయల పని నేడు వేలకొలది స్త్రీలకు జీవనమై యున్నది. వారు విడువనిది అప్పడము. మార్చినది ఎండబెట్టు పద్ధతి. మనము గూడ నట్లే వేఱుపఱచి చూచుకొనవలయును. సీసా దారిలో పగులుచున్నచో కట్టుట మార్చుడు. వీడియో చూడకున్నచో ఆరంభము మార్చుడు. చూచియు కొనకున్నచో ధర, పరిమాణము మార్చి, పావుకిలో పొట్లములు పెట్టుడు. కొన్నవారు తిరిగి రాకున్నచో మాత్రము ఫోనును విడిచి, వంటయింటికి పోయి రుచిని సరిచూచుకొనుడు. ఒక్కమారు ఒక్కటియే మార్చినగాని ఏది ఫలించినదో తెలియదు.

మానవలసిన సమయము గూడ నొకటుండును. ఏడాదిపాటు నియమముగా నడపి, లెక్క వ్రాసి, పద్ధతులు మార్చి చూచియు, రెండవమారు కొనువారు పెరుగకున్నను, దేహారోగ్యము చెడుచున్నను, ఆ వ్యాపారమును చాలించుట వివేకమే కాని యోటమి కాదు. లెక్క చూచి మానినవారికి రెండవ ప్రయత్నమున ఆ లెక్కయే పెట్టుబడి. లెక్క చూడక మానినవారికి మిగులునది నిట్టూర్పు మాత్రమే. ఇంత శ్రమయు దేనికనగా, తన పేర నున్న బ్యాంకు ఖాతాలో తన కష్టార్జితము నెలకు వేయి రూపాయలైనను పడుట, పిల్ల పుస్తకమునకో, తల్లి మందులకో ఎవరి నడుగక తీసి యీయగలుగుట, సామాన్యమైన సంగతి కాదు.

ఓర్చినమ్మకు తేటనీరని పెద్దలందురు. అందఱును తోడి కలచిన చెలమ ప్రక్కన కొంతసేపు నిలిచిన యామెకే తేటనీరు దక్కును. అయితే ఆమె కడవ నింటిలో మఱచి వచ్చి యోర్చినచో ప్రయోజనములేదు. కావున, సోదరీమణులారా, మీలో ఈ పనిలో నున్నవారు ఈ వారమే యొక నోటు పుస్తకము తెఱచి, ఇంతవఱకు కొన్నవారి పేర్లు వ్రాయుడు. అందులో రెండవమారు వచ్చినవారి పేరు ప్రక్కన గుర్తు పెట్టుడు. ఆ గుర్తులు అయిదే యున్నను, ఆ యైదుగురికిని ఫోనుచేసి, మన సరకులో మార్పవలసినదేమని మర్యాదగా నడుగుడు. వారు చెప్పు మాటలు ఏ యంత్రమును చెప్పలేనివి.